జారు

తడి మెట్ల మీద కాలు జారితే ప్రమాదం. సంగీతంలో స్వరం జారితే అది గమకం. 1904లో ఎట్టయపురంలో తెలుగు లిపిలో అచ్చయిన సుబ్బరామ దీక్షితుల ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ జారుకు గుర్తులు కూడా ఇచ్చింది: ఎక్కడానికి ఒక ఏటవాలు గీత, దిగడానికి ఇంకొకటి.

శ్రీకాళహస్తి వాయులింగం మీద ముత్తుస్వామి దీక్షితులు చేసిన ‘శ్రీకాళహస్తీశ’ కృతి హుసేని రాగంలో ఉంది. హుసేనిని గమకాలు తీసేసి వాయిస్తే స్వరాలు మిగులుతాయి, రాగం మిగలదు.

కీబోర్డుకు ఇక్కడే కష్టం. వేర్వేరు కంపెనీల వాయిద్యాలను కలపడానికి 1983లో వచ్చిన ‘మిడి’ ప్రమాణం పియానో మెట్లనే ప్రధానంగా దృష్టిలో పెట్టుకుంది. జారు కావాలంటే పక్కనున్న చక్రం తిప్పాలి. తిప్పితే ఆ చానల్‌లో మోగుతున్న స్వరాలన్నీ ఒకేసారి జారతాయి, ఆధారంగా పట్టుకున్న షడ్జంతో సహా! కర్ణాటక సంగీతానికి ఇంతకన్నా పెద్ద అడ్డు లేదు.

2020 జనవరిలో ఆమోదం పొందిన మిడి 2.0లో మెట్టు నొక్కే బలానికి 128 స్థాయిల బదులు 65,536 వచ్చాయి. రెండు పరికరాలు ఒకదాని సామర్థ్యం ఒకటి అడిగి తెలుసుకుంటాయి కూడా. నాకు వీటన్నిటికన్నా ముఖ్యమైనది, ప్రతి స్వరానికీ విడిగా జారు. షడ్జం నిలిచే ఉంటుంది, గాంధారం ఒక్కటే కదులుతుంది. కాకపోతే కీబోర్డు, సాఫ్ట్‌వేర్ రెండూ ఈ సదుపాయాన్ని అందుకోగలగాలి. పిల్లలకు వాయిద్యం కొనేవాళ్లు దుకాణంలో ముందు అడగాల్సింది దీని గురించే.