భువనగిరి గుట్ట: ఎవరెస్ట్ పాఠం మొదలైన చోటు

సికింద్రాబాద్ నుంచి కాజీపేట వైపు రైల్లో పోయినవాళ్లందరికీ ఈ గుట్ట తెలుసు. ఊరిని ఆనుకొని ఒకే బండ, దాదాపు 500 అడుగుల ఎత్తు, పైన కోట. నేను కూడా ఎన్నోసార్లు కిటికీలోంచి చూసి, ఫోటో తీసుకొని ముందుకు పోయినవాణ్నే. ఈరోజు మనం అక్కడ దిగుదాం.

ముందు పేరు సంగతి. 1076 నుంచి 1126 దాకా ఏలిన చాళుక్య రాజు ఆరవ విక్రమాదిత్యుడికి త్రిభువనమల్లుడని బిరుదు. ఆ బిరుదు మీదనే త్రిభువనగిరి, అదే భువనగిరి. ఇక 1944లో ఆంధ్ర మహాసభ చీలిపోయింది ఈ ఊళ్లోనే. ఆ సభకు అధ్యక్షుడు రావి నారాయణరెడ్డి, పక్కనున్న బొల్లేపల్లి మనిషి. ఇంత చరిత్ర ఉన్నా, యాభై కిలోమీటర్ల దూరంలో హైదరాబాద్ ఉండడంతో చదువుకైనా పనికైనా జనం అటే పోయారు. నల్లగొండ జిల్లాలో ఇదొక దారి మీది ఊరుగా మిగిలింది.

మళ్లీ ఊరి పేరు దేశమంతా వినపడింది ఆ బండ వల్లే. కోట గుట్ట మీద రాక్ క్లైంబింగ్ స్కూల్ పెట్టారు. సాంఘిక సంక్షేమ గురుకులాల కార్యదర్శిగా ఉన్న ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ తన విద్యార్థులను అక్కడికి పంపారు. నేర్పింది పర్వతారోహకుడు శేఖర్ బాబు. వంద మందికి పైగా పిల్లలు ఈ బండ మీదనే తాడు పట్టడం, కాలు ఆనించడం, భయాన్ని అదుపులో పెట్టుకోవడం నేర్చుకున్నారు. వాళ్లలో కొందరు డార్జిలింగ్, తర్వాత లడఖ్ పోయారు. చివరికి మిగిలింది ఇద్దరు.

మాలావత్ పూర్ణ, నిజామాబాద్ జిల్లా పాకాల, వ్యవసాయ కూలీల బిడ్డ. సాధనపల్లి ఆనంద్ కుమార్, ఖమ్మం జిల్లా చర్ల, సైకిల్ మెకానిక్ కొడుకు. నేపాల్ వైపు పదహారేళ్లు నిండాలన్న నియమం ఉంది, పూర్ణకు పద్నాలుగు కూడా నిండలేదు. అందుకే టిబెట్ వైపు నుంచి ఎక్కారు. 2014 మే 25న ఎవరెస్ట్ శిఖరం మీద నిలబడ్డారు. ఇంకో ఎనిమిది రోజులకు, జూన్ 2న తెలంగాణ వచ్చింది.

ఒక్క మాట నిజాయితీగా చెప్పుకోవాలి. ఆ ఇద్దరూ భువనగిరి పిల్లలు కారు. 2016 అక్టోబర్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా ఏర్పడి ఊరు జిల్లా కేంద్రమైంది, ఆఫీసులు వచ్చాయి, మంచిదే. కానీ నన్ను అడిగితే, ఆ గుట్ట నీడలో పెరిగే కూలీల పిల్లలు కూడా తాడు పట్టి ఆ బండ ఎక్కిన రోజే ఊరు నిజంగా లేచినట్టు. ఎప్పటినుంచో ఆ రాయి అక్కడే ఉంది. ఎక్కగలరని నమ్మి, తాడు చేతికిచ్చే మనిషి వచ్చేదాకా అది కిటికీలోంచి చూసే బొమ్మే.

ఈసారి ఆ రూట్‌లో పోతే, భువనగిరిలో దిగండి. పొద్దున్నే ఎక్కండి, ఎండెక్కితే రాయి కాలిపోతది. మళ్లీ కలుద్దాం.