చేవలోని ఎరుపు

వడ్రంగి దూలము చెక్కుచుండగా మీరు దగ్గర నిలిచి చూచియుందురు. పైనున్న తెల్లచెక్కను అతడు బాడిసెతో చెక్కి పారవేయును. నడుమనున్న ముదురురంగు చేవను మాత్రమే ఉంచుకొనును. ఎందుకని అడిగితిరా, “తెల్లచెక్కను చెద తినును, చేవ గట్టిది గదా” అనును. ఆ మాట సగమే నిజము. చేవ చచ్చిన కొయ్య. చెట్టు ముదిరినకొలది నడిమి కణములు చనిపోవును. చనిపోవుటకు ముందు అవి కొన్ని పదార్థములను తయారుచేసి ఆ కొయ్యలో నింపిపోవును. బూజునకును పురుగునకును అడ్డుపడునవి ముఖ్యముగా ఆ పదార్థములే.

లెబానోను దేవదారును గూర్చి మనము ఎన్నోసారులు చదివితిమి గాని కన్నులార చూచినవారు మనలో అరుదు. నేను నేడు చెప్పబోవునది దాని దూరపు బంధువైన హినోకి చెట్టు సంగతి. జపానులో 7వ శతాబ్దమున కట్టిన హోర్యూజి దేవాలయము ఈ కొయ్యతోనే నేటికిని నిలిచియున్నది. ఆ జాతి చెట్టే తైవాను కొండలలోను పెరుగును.

టెట్సువో నొజొయె అను జపాను యువకుడు 1926లో రసాయనశాస్త్ర పట్టము పొంది, అప్పుడు జపాను ఏలుబడిలోనున్న ఆ ద్వీపమునకు వెళ్లెను. తైవాను హినోకి తైలములో ముదురు ఎరుపు వన్నెగల పదార్థమొకటి కనబడుచుండెను. ఆ ఎరుపు ఇనుముతో కలిసినందున వచ్చినదని అతడు గ్రహించి, ఇనుమును తొలగించి, 1936లో అసలు పదార్థమును వెలికితీసి, దానికి హినోకిటియోల్ అని పేరిడెను. అందులో 10 కర్బన పరమాణువులు, 12 ఉదజని, 2 ఆమ్లజని పరమాణువులు గలవు. (వింత యేమనగా, జపానులోని హినోకిలో ఈ పదార్థము బహు స్వల్పము. పేరు ఒకరిది, సొత్తు మరొకరిది!)

లెక్క తేలినది గాని రూపము తేలలేదు. నాటి రసాయనజ్ఞులకు స్థిరమైన కర్బన వలయమనగా బెంజీను, అనగా 6 పరమాణువుల వలయము. ఈ పదార్థము అనేక విషయములలో బెంజీను సంతతివలె నడుచుకొనుచున్నను దానికి ఆ రూపము పొసగలేదు. నొజొయె చాలకాలము పెనగులాడి, ఇది 7 కర్బనముల వలయమని నిశ్చయించెను.

ఇంతలో యుద్ధము వచ్చెను. పాశ్చాత్య పత్రికలు అతనికి అందుట నిలిచిపోయెను. అతని మాట వారికి అందలేదు. 1945లో బ్రిటనులో మైఖేల్ డ్యూయర్, ఒక బూజునుండి తీసిన ఆమ్లమును గూర్చి ఆలోచించుచు, అట్టి 7 కర్బనముల వలయమునే ఊహించి, దానికి ట్రోపోలోన్ అని పేరు పెట్టెను. కోల్చిసీనులోను అట్టి వలయమే ఉన్నదని చెప్పెను. కోల్చిసీను మనకు పరాయిది కాదు. మన అడవులలో ఎర్రగా పసుపుగా పూయు అడవినాభి దుంపలోని విషము అదే.

అదే 1945లో తైవాను చైనా చేతికి వచ్చెను. జపానువారు తట్టాబుట్టా సర్దుకొని స్వదేశమునకు మరలుచుండిరి. నొజొయెను మాత్రము అక్కడి విశ్వవిద్యాలయమువారు నిలుపుకొనిరి. ఓడిన దేశపువాడు గెలిచినవారి పిల్లలకు పాఠము చెప్పుచు 1948 వరకు అక్కడనే యుండెను. ఇది నాకు ఆ పరిశోధనకంటె తక్కువ గొప్పగా తోచదు.

మరియొకవైపు స్వీడనులో హోల్గర్ ఎర్ట్‌మన్ అను ఆచార్యుడు కాగితపు పరిశ్రమవారి చిక్కు వెంట నడిచి ఇక్కడికే చేరెను. పైను చెట్టు చేవ సల్ఫైటు పద్ధతిలో సరిగా ఉడికి గుజ్జు కాదు. అందుకు కారణము పినోసిల్విన్ అను పదార్థమని అతడు 1939లో చూపెను. తరువాత ఉత్తర అమెరికా ఎర్రసీడరు చేవను పరిశోధించి, బూజును చంపు థూజాప్లిసిన్లను గ్రిపెన్‌బెర్గ్‌తో కూడ 1948లో ప్రకటించెను. అవి మూడు. వాటిలో రెండవది నొజొయె హినోకిటియోలే!

మొదటి పేరు ఎవరిదను తగవు ఇక్కడ రావలసినదే. విజ్ఞానలోకములో ఇట్టి తగవులు కొదువ కాదు. ఎర్ట్‌మన్ మాత్రము నొజొయె పనిని దాచక, పాశ్చాత్యులకు తెలియునట్లు తోడ్పడెను. 1950లో లండనులో ట్రోపోలోన్లను గూర్చి జరిగిన సభలో నొజొయె లేకపోయినను అతని పని వినబడెను. 1951లో అతని వ్యాసము నేచర్ పత్రికలో వచ్చెను. 1953లో అతడు మొదటిసారి విదేశయాత్ర చేయుచు, కలిసిన రసాయనజ్ఞులచేత చేవ్రాలు చేయించుకొనుటకు ఒక పుస్తకము వెంట తీసికొనిపోయెను. 1996లో అతడు మరణించునాటికి అట్టి పుటలు వెయ్యి దాటెను.

ఆ ఎరుపు సంగతి అంతటితో ముగియలేదు. 2017లో అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయపు మార్టిన్ బర్క్, అతని తోడివారు, శరీరములో ఇనుమును మోయు ప్రోటీను లోపించిన ఎలుకలకు హినోకిటియోల్ ఇచ్చి చూచిరి. ఆ ప్రోటీను చేయవలసిన పనిని చేవలోని ఈ పదార్థము కొంతవరకు చేసి, ఇనుమును పేగులలోనుండి లోపలికి దాటించెను. మనుష్యులకు అది ఇంకను మందు కాలేదు.