బంగ్లాదేశ్: భాషాభిమానం, బతుకు ప్రగతి

బంగ్లాదేశ్ దక్షిణాసియాలో నదులు కట్టిన దేశం. గంగ, బ్రహ్మపుత్ర, మేఘన నదులు తరతరాలుగా తెచ్చిపోసిన ఒండ్రుమట్టి మీద నిలిచింది. గంగను అక్కడ పద్మ అనీ, బ్రహ్మపుత్రను జమున అనీ పిలుస్తారు. విస్తీర్ణం సుమారు 1,47,570 చదరపు కిలోమీటర్లు, అంటే నేటి ఆంధ్రప్రదేశ్ కన్నా కొంచెం చిన్నది. అంత నేల మీద దాదాపు 17 కోట్ల మంది బతుకుతున్నారు. రాజధాని ఢాకా, జాతీయ భాష బంగ్లా.

1971 డిసెంబరులో ఈ దేశం పుట్టే వేళ వాషింగ్టన్‌లో జరిగిన అమెరికా అధికారుల సమావేశంలో దీన్ని ఎప్పటికీ ఇతరుల సాయం మీదే బతకాల్సిన దేశంగా మాట్లాడుకున్నారు. ఆ మాటే 'అడుగు లేని బుట్ట'గా బంగ్లాలోకి వచ్చింది. అక్కడి చదువుకున్నవాళ్లెవరూ దాన్ని మరిచిపోలేదు. ఆ అంచనా ఎందుకు తప్పయిందో తెలియాలంటే లెక్కల కన్నా ముందు భాష దగ్గర మొదలుపెట్టాలి.

ఒకే మైదానం

1947లో దేశ విభజనతో తూర్పు బెంగాల్ పాకిస్తాన్‌లో భాగమైంది. మొత్తం పాకిస్తాన్ జనాభాలో సగానికి పైగా మాట్లాడేది బంగ్లాయే. అయినా 1948 మార్చి 21న ఢాకా రేస్‌కోర్సు మైదానంలో మహమ్మద్ అలీ జిన్నా ఉర్దూ ఒక్కటే రాజభాష అని ప్రకటించారు. నాలుగేళ్ల నిరసన తర్వాత, 1952 ఫిబ్రవరి 21న, నిషేధాజ్ఞలను ధిక్కరించిన విద్యార్థుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. రఫీక్, బర్కత్, జబ్బార్, సలాం ఆ కాల్పులకు బలయ్యారు. మర్నాడు కాల్పుల్లో షఫియుర్ మరణించాడు. అదే ఏడాది డిసెంబరులో ఇక్కడ పొట్టి శ్రీరాములు తెలుగువారి రాష్ట్రం కోసం నిరాహారదీక్షలో ప్రాణాలు వదిలారు. ఈ రెండు ఉద్యమాలకూ నేరుగా సంబంధం లేదు గానీ, 1952 ఎలాంటి ఏడాదో తెలుగు పాఠకుడికి వేరే చెప్పనక్కర్లేదు.

1956 పాకిస్తాన్ రాజ్యాంగం బంగ్లానూ రాజభాషగా ఒప్పుకుంది. అవమానం మాత్రం చల్లారలేదు. 1970 నవంబరులో భోలా తుపానుకు 3 నుంచి 5 లక్షల మంది చనిపోయారు. సహాయం అందించడంలో పశ్చిమ పాకిస్తాన్ పాలకులు చూపిన అలసత్వం జనం గుండెల్లో నిలిచిపోయింది. మరుసటి నెల ఎన్నికల్లో షేక్ ముజిబుర్ రెహమాన్ నాయకత్వంలోని అవామీ లీగ్ జాతీయ అసెంబ్లీలో నేరుగా ఎన్నికయ్యే 300 స్థానాల్లో 160 గెలిచింది. అధికారం చేతికి ఇవ్వలేదు. 1971 మార్చి 7న ముజిబ్ స్వాతంత్ర్య పోరాటానికి పిలుపునిచ్చింది ఆ రేస్‌కోర్సు మైదానంలోనే. తొమ్మిది నెలల యుద్ధం, భారత్‌లోకి కోటి మంది శరణార్థుల రాక, అన్నీ అయ్యాక డిసెంబరు 16న పాకిస్తాన్ సేన లొంగుబాటు పత్రం మీద సంతకం పెట్టింది కూడా అక్కడే.

ఆ మైదానం పేరు ఇప్పుడు సుహ్రావర్దీ ఉద్యానం. బంగ్లా అకాడమీ ఏటా ఫిబ్రవరిలో జరిపే నెల రోజుల పుస్తకాల సంత దాని ఆవరణ నిండిపోయి 2014 నుంచి ఈ ఉద్యానంలోకీ విస్తరించింది. ఒక భాష వద్దన్న చోటే ఆ భాష పుస్తకాలు అమ్ముకోవడం కన్నా గొప్ప జాతీయ స్మారకం ఏ దేశానికీ ఉండదేమో! ఫిబ్రవరి 21 వేకువన జనం చెప్పులు విడిచి, పూలు పట్టుకుని భాషా అమరుల స్మారకమైన షహీద్ మినార్‌కు నడిచి వెళతారు. 1999 నవంబరులో యునెస్కో ఆ రోజును అంతర్జాతీయ మాతృభాషా దినంగా ప్రకటించింది.

పాట, మగ్గం, చేప

1961లో రవీంద్రనాథ్ ఠాగూర్ శతజయంతిని ప్రభుత్వ అయిష్టతను లెక్కచేయకుండా జరిపినవారు ఛాయానట్ అనే సంగీత సంస్థను స్థాపించారు. 1967 నుంచి బంగ్లా సంవత్సరాది పొహెలా బైశాఖ్ నాటి ఉదయం ఢాకా రమ్నా పార్కు చెట్టు కింద ఆ సంస్థ పాటల సభ నడుస్తోంది. 2001లో ఆ సభ మీద బాంబు దాడి జరిగి పలువురు చనిపోయారు. మరుసటి ఏడాదీ పాట ఆగలేదు. ఢాకా విశ్వవిద్యాలయ చిత్రకళా విద్యార్థులు 1989లో మొదలుపెట్టిన సంవత్సరాది ఊరేగింపును 2016లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. హిందువైన ఠాగూర్ గీతాన్ని జాతీయగీతం చేసుకుని, ముస్లిమైన కాజీ నజ్రుల్ ఇస్లాంను జాతీయకవిగా గౌరవించుకున్న దేశమిది.

శీతలాక్ష్య నది ఒడ్డున నేసే జాందానీ నేత 2013లోనే ఆ జాబితాకెక్కింది. గుంట మగ్గం మీద గురువు, శిష్యుడు పక్కపక్కన కూర్చుని, పడుగు పోగుల మధ్య అదనపు పేకను చేత్తో దూరుస్తూ పువ్వు తేలుస్తారు. కాకినాడ దగ్గరి ఉప్పాడ నేతగాళ్ల చేతిలోనూ ఇదే పేరు, ఇదే పద్ధతి. ఉప్పాడ జాందానీకి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఢాకా జాందానీకి 2016లో వచ్చింది.

బంగ్లాదేశ్ జాతీయ చేప ఇలిష్. వరదకు ఎదురీది గోదావరిలోకి వచ్చాక మనం పులస అనే చేప ఇదే. పుస్తెలమ్మైనా పులస తినాలని గోదావరి జిల్లాల వాళ్లు ఎందుకంటారో బంగ్లాదేశీయుడికి ఎవరూ వివరించనక్కర్లేదు. అయితే అక్కడ అభిమానానికి క్రమశిక్షణ కూడా తోడైంది. గుడ్లు పెట్టే కాలంలో ఏటా 22 రోజులు వేట నిషేధం. ఆ రోజుల్లో జాలరి కుటుంబాలకు ప్రభుత్వం బియ్యం ఇస్తుంది.

చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం

స్వాతంత్ర్యం వచ్చిన మూడో ఏటే, 1974లో, కరవు వచ్చింది. ఆ ఏడు తలసరి ధాన్యం లభ్యత ముందరి ఏళ్ల కన్నా తక్కువేమీ కాదనీ, వరదలతో కూలిపని దొరక్క, ధరలు పెరిగి, కొనే శక్తి లేకే జనం చనిపోయారనీ అమర్త్యసేన్ తర్వాత నిరూపించారు. పేదల చేతికి ఏదో ఒకటి అందాలన్న పట్టుదల అక్కడి కార్యకర్తల్లో ఆ కరవుతోనే గట్టిపడింది.

వాళ్లలో ముఖ్యుడు ఫజ్లే హసన్ అబేద్. చిట్టగాంగ్‌లో చమురు సంస్థలో పెద్ద ఉద్యోగం చేసిన లెక్కల మనిషి. 1972లో సిల్హెట్ ప్రాంతపు షల్లాలో శరణార్థుల పునరావాసానికని బ్రాక్ సంస్థను ప్రారంభించారు. దాని పనుల్లో ఎన్నదగినది ఉప్పు-బెల్లం నీళ్ల పథకం. నీళ్ల విరేచనాలతో పిల్లలు చనిపోవడం ఆ నీటి దేశంలో నిత్యం జరిగేదే. ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు తాగిస్తే చాలామందికి సెలైన్ ఎక్కించకుండానే ప్రాణం నిలుస్తుందని ఢాకా కలరా పరిశోధనాలయంలో 1968లో తేలింది. 1971లో బనగావ్ శరణార్థి శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబీస్ సెలైన్ సీసాలు అయిపోయి, ఆ నీళ్లనే డ్రమ్ముల్లో కలిపి తాగించారు. అక్కడ 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి.

శాస్త్రం తెలిసింది, మరి పల్లె తల్లికి చేరేదెలా? పొట్లాలు పంచే దుకాణాలు లేవు. తూకం రాళ్లు ప్రతి ఇంటా ఉండవు. అందుకే బ్రాక్ కొలతలను చేతికే అప్పగించింది: మూడు వేళ్ల చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, అర్ధసేరు నీళ్లు. 1980 నుంచి 1990 వరకు మహిళా కార్యకర్తలు ఊరూరా తిరిగి, కోటీ 20 లక్షలకు పైగా ఇళ్లలో తల్లుల చేతనే కలిపించి నేర్పారు. కొన్నాళ్లకు మరొకరు వచ్చి కొన్ని ఇళ్లలో తల్లిని అడిగేవారు. ఆమెకు ఎంత గుర్తుందో దాన్ని బట్టే నేర్పిన కార్యకర్తకు జీతం. నేర్పేవాళ్లను నేర్చుకున్నవాళ్ల జ్ఞాపకంతో కొలిచిన ఈ పద్ధతి మన అభివృద్ధి పథకాల్లో చాలావాటికి ఇప్పటికీ లేదు. ఆ పాఠం తల్లులకు తమ సొంత మాటలో, సొంత గుమ్మంలో అందింది. భాషోద్యమం అడిగిన గౌరవం అదే.

కుటుంబ నియంత్రణలోనూ ఇదే దారి. మహిళా ఉద్యోగులు ఇంటింటికీ వెళ్లారు. 1970ల మొదట్లో సగటున ఒక్కో స్త్రీకి ఏడుగురికి దగ్గరగా ఉన్న కాన్పులు 2011 సర్వే నాటికి 2.3కు తగ్గాయి. 1994లో దేశమంతటా ఆడపిల్లలకు హైస్కూలు ఉపకారవేతనం ఇచ్చారు. షరతులు మూడు: బడికి క్రమంగా రావాలి, కనీస మార్కులు రావాలి, పదో తరగతి అయ్యేదాకా పెళ్లి కాకూడదు. హైస్కూళ్లలో ఆడపిల్లల సంఖ్య మగపిల్లలను మించింది. 1990లో పుట్టిన ప్రతి వెయ్యి మందిలో 140 మందికి పైగా అయిదేళ్లలోపే చనిపోయేవారు. 2020 ప్రాంతానికి ఆ సంఖ్య 30 దరిదాపులకు వచ్చింది.

అప్పు

ముహమ్మద్ యూనస్ 1976లో చిట్టగాంగ్ దగ్గరి జోబ్రా గ్రామంలో 42 మందికి తన సొంత సొమ్ము చేబదులిచ్చారు. అందరి అవసరమూ కలిపి 27 డాలర్లే! ఆ ప్రయోగం 1983లో గ్రామీణ బ్యాంకు అయింది, 2006లో బ్యాంకుకూ ఆయనకూ కలిపి నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. చిన్న అప్పు ఆడవాళ్లను బజారు దాకా తెచ్చింది, ఇది కాదనలేం. పేదరికాన్ని అదొక్కటే పోగొడుతుందన్న నమ్మకం మాత్రం నిలవలేదు. ఇదే నమూనాను లాభాపేక్షతో నడిపితే ఏమవుతుందో 2010లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చూసింది. వసూళ్ల ఒత్తిడి, ఆత్మహత్యల వార్తల నడుమ ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది.

కుట్టు మిషన్లు

1970ల చివర దేశ్ గార్మెంట్స్ అనే సంస్థ దక్షిణ కొరియా దేవూతో ఒప్పందం చేసుకుని 130 మందిని బుసాన్‌కు శిక్షణకు పంపింది. తిరిగొచ్చిన వాళ్లలో ఎక్కువ మంది కొన్నేళ్లలో బయటికి వచ్చి ఇతర ఫ్యాక్టరీలు పెట్టడంలో, నడపడంలో చేరారు. ముడిసరుకును సుంకం లేకుండా తెచ్చుకునే గోదాములు, విదేశీ కొనుగోలుదారు ఇచ్చిన ఆర్డరు హామీ మీదే బట్ట కొనే బ్యాంకు ఏర్పాటు వారికి కలిసొచ్చాయి. ఇప్పుడు ఎగుమతి ఆదాయంలో 80 శాతానికి పైగా దుస్తులదే. దాదాపు 40 లక్షల మందికి అదే పని, వారిలో సగానికి పైగా ఆడవాళ్లు. ఊళ్లో గడప దాటడానికి అనుమతి అడగాల్సిన అమ్మాయి ఢాకా రోడ్ల మీద టిఫిన్ డబ్బాతో గుంపుగా నడవడం ఆ సమాజం చూసిన అతి పెద్ద మార్పు.

దాని వెల కూడా రాయాలి. 2013 ఏప్రిల్ 24న ఢాకా శివారు సావర్‌లో రాణా ప్లాజా కూలి 1,130 మందికి పైగా చనిపోయారు. ముందురోజే గోడలు బీటలిచ్చాయి. అయినా కార్మికులను పనికి రమ్మన్నారు. ఆ తర్వాతే విదేశీ బ్రాండ్లు, కార్మిక సంఘాలు కలిసి భవనాల తనిఖీకి కట్టుబడే ఒప్పందం చేసుకున్నాయి. ఫ్యాక్టరీలు మునుపటి కన్నా భద్రమయ్యాయి, జీతాలు ఆ వేగంతో పెరగలేదు.

గల్ఫ్, మలేసియాల్లో పనిచేసేవారు పంపే సొమ్ము రెండో ఆధారం. జాతీయ లెక్కల ప్రకారం 1991-92లో 56.7 శాతం ఉన్న పేదరికం 2022లో 18.7 శాతానికి దిగింది. ప్రపంచ బ్యాంకు రుణం రద్దు చేశాక సొంత నిధులతో కట్టిన 6.15 కిలోమీటర్ల పద్మా వంతెన 2022 జూన్‌లో తెరుచుకుంది. తుపాను హెచ్చరికలు మోసే స్వచ్ఛంద దళాలు, ఆశ్రయ భవనాల వల్ల 1991 తుపానులో సుమారు 1,38,000గా ఉన్న ప్రాణనష్టం 2007 నాటి సిద్ర్ తుపానులో 3,400 దగ్గర ఆగింది. దివిసీమ ఉప్పెన చూసినవారికి ఆ తేడా విలువ తెలుసు.

రాజకీయాలు ఇంత నిలకడగా సాగలేదు. 1975లో ముజిబ్ హత్య, సైనిక పాలనలు, ఎన్నికల మీద నమ్మకం పోవడం, చివరికి 2024 జులై, ఆగస్టు విద్యార్థి తిరుగుబాటు. నిరసనల్లో 1,400 మంది దాకా చనిపోయి ఉండవచ్చని ఐక్యరాజ్యసమితి పరిశీలకులు అంచనా వేశారు. ఆగస్టు 5న ప్రధాని షేక్ హసీనా దేశం విడిచి వెళ్లారు.

మిగతా భాషలు

ఈ దేశంలో బంగ్లా కాని మాతృభాషలున్నాయి. చిట్టగాంగ్ కొండల్లో చక్మా, మర్మా, త్రిపురా ప్రజల పోరాటం 1997 డిసెంబరు 2 నాటి శాంతి ఒప్పందంతో ఆగినా, భూమి హక్కుల తగవు తీరలేదు. 2017 నుంచి చక్మా, మర్మా, కొక్‌బొరొక్, గారో, సాద్రీ భాషల్లో చిన్నపిల్లల పాఠ్యపుస్తకాలు అచ్చవుతున్నాయి. బ్రిటిషు కాలంలో పారిశుద్ధ్య పనికీ, సిల్హెట్ టీ తోటలకూ తీసుకెళ్లిన తెలుగువాళ్ల వారసులు ఢాకా ధల్పూర్ కాలనీలోనూ ఆ తోటల్లోనూ ఇప్పటికీ ఉన్నారు. ఆ అయిదు భాషల్లో తెలుగు లేదు.