మోనార్క్ సీతాకోకచిలుకల వలస: ఎప్పుడు, ఎక్కడ, ఎలా చూడాలి?

మోనార్క్ సీతాకోకచిలుక బరువు అర గ్రాము మాత్రమే. అయినా ఏటా శరదృతువులో దక్షిణ కెనడా, అమెరికా ఉత్తర రాష్ట్రాల నుంచి బయల్దేరి మధ్య మెక్సికో కొండల దాకా ఎగిరి వెళ్తుంది. కొన్ని 4,000 కిలోమీటర్లకు పైగా ప్రయాణిస్తాయి. వీటిలో ఏ ఒక్కటీ ఆ దారిని ముందు చూసింది కాదు. వేసవిలో పుట్టినవి కొన్ని వారాలే బతుకుతాయి. వలస వెళ్లే తరం మాత్రం సుమారు 8 నెలలు బతుకుతుంది. సూర్యుడిని చూసుకుంటూ ఇవి దిశ పట్టుకుంటాయి.

ఎప్పుడు, ఎక్కడ?

కెనడాలోని పాయింట్ పీలీ నేషనల్ పార్కులో సెప్టెంబర్‌లో గుంపులు కనిపిస్తాయి. తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో ఉంటున్న డాలస్ మీదుగా ఇవి అక్టోబర్‌లో వెళ్తాయి. నవంబర్ మొదట్లో మెక్సికో చేరుకుంటాయి. అక్కడి అడవుల్లో ఇవి చలికాలం గడిపే చోటు 1975లో గానీ బయటి శాస్త్రవేత్తలకు తెలియలేదు.

ఎలా చూడాలి?

పగలు పూల మొక్కల దగ్గర తేనె తాగుతుంటాయి. పొద్దుగూకే వేళ చెట్ల కొమ్మలపై గుంపుగా వాలతాయి. రెక్కలు మూసుకుంటే ఎండుటాకుల్లా ఉంటాయి కాబట్టి బైనాక్యులర్ ఉంటే మంచిది. పొద్దున ఎండ తగిలి ఒళ్లు వేడెక్కాకే ఎగురుతాయి. అప్పటిదాకా కొమ్మలు ఊపకూడదు, ముట్టుకోకూడదు. అచ్చం ఇలాగే ఉండే వైస్రాయ్ సీతాకోకచిలుకకు వెనక రెక్కపై అడ్డంగా ఒక నల్ల గీత ఉంటుంది. మోనార్క్‌కు అది ఉండదు.

ఎందుకు తగ్గిపోతున్నాయి?

మెక్సికోలో ఇవి వాలిన అడవి విస్తీర్ణాన్ని బట్టి సంఖ్యను అంచనా వేస్తారు. 1996-97 చలికాలంలో అది సుమారు 18 హెక్టార్లు. 2023-24లో 0.9 హెక్టారుకు పడిపోయింది. మరుసటి ఏడాది 1.79కి పెరిగినా పాత స్థాయికి చాలా దూరం. గొంగళిపురుగులు తినేది మన జిల్లేడు కుటుంబానికే చెందిన మిల్క్‌వీడ్ మొక్కల ఆకులను మాత్రమే. మొక్కజొన్న, సోయా పొలాల్లో కలుపు మందుల వల్ల ఆ మొక్క బాగా తగ్గింది. మెక్సికోలో చెట్ల నరికివేత, వాతావరణ మార్పులు కూడా దెబ్బతీస్తున్నాయి.

చూసేవాళ్లు చేయగలిగిందేంటి?

కాన్సాస్ విశ్వవిద్యాలయంలో మొదలైన మోనార్క్ వాచ్ 1992 నుంచి వీటి రెక్కలకు నంబరున్న చిన్న స్టిక్కర్లు అతికిస్తోంది. అలాంటిది కనిపిస్తే నంబరు, తేదీ, చోటు రాసి ఆ సంస్థకు తెలపాలి. అమెరికాలో పెరడు ఉన్నవాళ్లు తమ ప్రాంతపు మిల్క్‌వీడ్, శరదృతువులో పూసే మొక్కలు వేస్తే వాటికి గుడ్లు పెట్టే చోటు, దారి తిండి రెండూ దొరుకుతాయి.