చిట్లిన బోర్డు, తెగిన పాట

పాల్ ఐస్లర్ వియన్నాలో చదువుకున్న యూదు ఇంజనీరు. 1936లో దేశం విడిచి లండన్ చేరిన అతను రేడియో సర్క్యూట్‌ను అచ్చువేయాలన్న ఆలోచనతో తిరిగాడు. అప్పటి రేడియోల్లో ఒక భాగాన్ని మరో భాగానికి వైరుతో కలిపి, ప్రతి అతుకునూ చేత్తో సోల్డర్ చేసేవారు. ఫ్యాక్టరీల్లో ఆ పని చేసేది ఎక్కువగా అమ్మాయిలే. ఐస్లర్ తన పద్ధతి చూపిస్తే, ఆ అమ్మాయిల చేతిపనే చవక అంటూ ఒక కంపెనీ తిప్పి పంపేసింది. చివరికి అతనికి ఆసరా ఇచ్చింది హెండర్సన్ అండ్ స్పాల్డింగ్ అనే ముద్రణ సంస్థ. 1943లో అతను పేటెంటుకు దరఖాస్తు చేశాడు.

పద్ధతి ఇది: కరెంటు పారని పలక మీద పల్చటి రాగిరేకు అతికిస్తారు. సర్క్యూట్ గీతలున్న చోట రేకును కాపాడి, మిగతా రాగిని రసాయనంతో కరిగించేస్తారు. మిగిలిన రాగి గీతలే వైర్లు. మన మెకానిక్కులు వాటిని ట్రాకులు అంటారు.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైన్యం, లక్ష్యం దగ్గరికి రాగానే గుండును పేల్చే ప్రాక్సిమిటీ ఫ్యూజుల్లో ముద్రిత సర్క్యూట్లు వాడింది. శాంతి వచ్చాక ఆ విద్య ఇళ్లలోకి వచ్చింది. 1954లో వెలువడిన రీజెన్సీ టీఆర్-1 రేడియోలో నాలుగు ట్రాన్సిస్టర్లు, ఒక చిన్న ముద్రిత బోర్డు ఉన్నాయి. అంత యంత్రం జేబులో పట్టిందంటే ట్రాన్సిస్టర్లతో పాటు ఆ బోర్డూ కారణమే.

అందరూ మెచ్చుకోలేదు. జెనిత్ కంపెనీ తన టీవీల్లో ముద్రిత సర్క్యూట్లు లేవని, అంతా చేత్తో చేసిన వైరింగేనని 1960 దశకంలో కూడా గొప్పగా ప్రకటనలు ఇచ్చుకుంది. అది అమ్మకాల ఎత్తుగడే అయినా, దాని వెనక రిపేరు షాపుల అనుభవం ఉంది. వైరు తెగితే కంటికి కనిపిస్తుంది, మరో ముక్క వేస్తే సరిపోతుంది. బోర్డు చిట్లితే ఆ చీలిక వెంట్రుక కంటే సన్నగా ఉండొచ్చు.

అసలు చిక్కంతా పలకలోనే ఉంది. లియో బేక్‌లండ్ 1907లో కనిపెట్టిన బేకలైట్ కుటుంబానికి చెందిన ఫినాలిక్ రెజిన్‌లో కాగితాన్ని నానబెట్టి, పొరలుగా పేర్చి, వేడిమీద అదిమితే గోధుమరంగు పలక తయారవుతుంది. ఖర్చు తక్కువ. రంధ్రాలు డ్రిల్ చేయకుండా పంచ్ చేసేయవచ్చు. రేడియోలు, టేప్ రికార్డర్లు, ఆంప్లిఫయర్లు సామాన్యుడికి అందాయంటే ఆ చవకే ఒక కారణం. అయితే అది పెళుసు. వాల్వుల కిందా, వాటేజీ ఎక్కువున్న రెసిస్టర్ల కిందా ఏళ్ల తరబడి కాలి నల్లబడితే ఇంకా పెళుసవుతుంది.

1970 దశకంలో జపాన్ కంపెనీల మధ్య వాట్ల పోటీ నడిచింది. పయొనీర్ 1978లో తెచ్చిన ఎస్ఎక్స్-1980 రిసీవరు ఛానెల్‌కు 270 వాట్లు ఇచ్చేది. బరువు దాదాపు 35 కిలోలు. ఇలాంటి సెట్టు రవాణాలో కింద పడితే బరువైన ట్రాన్స్‌ఫార్మర్ విసురుకు ఛాసిస్ వంగి, ఆ ఒత్తిడి బోర్డుల మీద పడుతుంది. చిన్న సెట్లకు మరో రకం కష్టం. గల్ఫ్ వెళ్లిన తెలుగువాళ్లు ఇంటికి తెచ్చిన జపాన్ టూ-ఇన్-వన్ టేప్ రికార్డర్లలో హెడ్‌ఫోన్ సాకెట్, వాల్యూమ్ కంట్రోల్ వంటివి చాలాసార్లు నేరుగా బోర్డుకే సోల్డర్ చేసి ఉండేవి. పిన్ను పెట్టి తీసిన ప్రతిసారీ ఆ ఒత్తిడి పలక మీదే.

ఇలా బోర్డు చిట్లితే ఒక స్పీకరు ఉన్నట్టుండి మూగబోతుంది, పెట్టెను తడితే మళ్లీ పలుకుతుంది. వేడెక్కాక పోయి, చల్లారాక వస్తుంది. మెకానిక్‌కు అనుమానం వచ్చేది అక్కడే. బోర్డు విప్పి, వెనక నుంచి బల్బు వెలుగు పట్టి, భూతద్దంతో ట్రాకుల వెంట వెతుకుతాడు. మల్టీమీటరు రెండు కొనలూ చీలికకు అటూ ఇటూ ఆనించి, బోర్డును మెల్లగా వంచి చూస్తాడు.

చీలిక దొరికాక తొందరపడితే పని చెడుతుంది. చీలిక మీద సోల్డర్ ముద్ద పెడితే ఆ పూటకు పాట వస్తుంది కానీ, పలక కదిలినప్పుడల్లా ఆ ముద్ద కూడా కదిలి మళ్లీ పగులుతుంది. అందుకే ముందు పలకను నిలబెట్టాలి: చీలిక చివర చిన్న రంధ్రం చేస్తే అది ముందుకు పాకదు, అంచులు కలిపి ఎపాక్సీతో అతికించాలి. తర్వాత ట్రాకు మీది లక్కపూత గీకి, సన్నటి రాగితీగను చీలిక మీదుగా పరిచి రెండువైపులా సోల్డర్ చేయాలి. ట్రాకు మందం సాధారణంగా 35 మైక్రాన్లే. సోల్డరింగ్ ఐరన్ ఎక్కువసేపు ఆనిస్తే జిగురు కరిగి రాగి పైకి లేచిపోతుంది. 63/37 తగరం-సీసం సోల్డర్ 183 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి పాత బోర్డులకు అదే క్షేమం. ట్రాకు మరీ పాడైతే దాన్ని వదిలేసి, ఒక భాగం కాలు నుంచి మరో భాగం కాలికి జంపర్ వైరు వేస్తారు.

బోర్డుల తయారీదారులు 1957లో పెట్టుకున్న ఐపీసీ సంస్థ తర్వాతి కాలంలో ఈ మరమ్మతులకూ ప్రమాణాలు రాసింది. దాని 7721 పత్రంలో రాగిరేకు ముక్క అతికించే పద్ధతి, తీగ వేసే పద్ధతి రెండూ ఉన్నాయి. ఈలోగా పలకా మారింది. గాజుబట్టతో చేసిన ఎఫ్ఆర్-4 అనే పలక అంత తేలిగ్గా విరగదు. కానీ నేటి బోర్డుల్లో ట్రాకులు అనేక పొరల మధ్య దాగి ఉంటాయి. లోపలి పొర తెగితే తీగకు అందదు. పాత గోధుమరంగు బోర్డులో ట్రాకులన్నీ ఒకే వైపు, కళ్లెదుట ఉంటాయి. యాభై ఏళ్ల కిందటి ఆంప్లిఫయర్లను రిపేరు బల్లల మీద ఇంకా బాగుచేయగలుగుతున్నది అందుకే.