తిన్నగా నిలిచిన బాసికం

గన్నవరంలో మా బీరువా అడుగున అక్క పెళ్లి క్యాసెట్టు ఒకటి మిగిలింది. దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కిద్దామని పాత డెక్‌కి చౌక యూఎస్‌బీ ముక్కొకటి తగిలించాను. జీలకర్ర బెల్లం వేళకి బొమ్మ పైభాగం పక్కకి సాగి, బావగారి బాసికం చెవి మీదికి జారింది. పురోహితుడి పెదవులు ఒకచోట, మంత్రం ఇంకోచోట. అదే క్యాసెట్టు డబ్బా టీవీలో మాత్రం శుభ్రంగా ఆడింది.

ఈ చిక్కు ఎక్కడిదో తెలియాలంటే 1950ల నాటి కథ చెప్పుకోవాలి. పాటతో పోలిస్తే బొమ్మకి పట్టే సమాచారం వందల రెట్లు. అదంతా టేపు మీద పట్టడానికి బీబీసీ వాళ్లు టేపునే పరిగెత్తించారు: వాళ్ల ‘వెరా’ యంత్రంలో అది సెకనుకి 200 అంగుళాలు పోయేది. అమెరికాలో ఆంపెక్స్ సంస్థలోని చార్లెస్ గిన్స్‌బర్గ్ బృందం టేపుని నెమ్మదిగా నడవనిచ్చి, దాని మీద రాసే, చదివే హెడ్‌ని గిర్రున తిప్పింది. 1956లో ఆ యంత్రం బయటికొచ్చింది. దాని టేపు వెడల్పు 2 అంగుళాలు. 20 ఏళ్ల తర్వాత జేవీసీ అర అంగుళం టేపుతో వీహెచ్ఎస్ క్యాసెట్టు తెచ్చింది. మన దేశపు టీవీ పద్ధతి ‘పాల్’లో ఈ టేపు సెకనుకి అంగుళమైనా కదలదు. హెడ్‌లని మోస్తూ ఏటవాలుగా కూర్చున్న డ్రమ్ము నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుంది.

తిరకాసంతా ఆ తిరుగుడులోనే. బొమ్మలో ఒక్కో గీతకి 64 మైక్రోసెకన్లు. టేపు కాస్త సాగినా, డ్రమ్ము తడబడినా గీత ముందో వెనకో వస్తుంది. డబ్బా టీవీ సర్దుకుపోయేది, కంప్యూటర్ సర్దుకోదు. 1970లలో టీవీ స్టేషన్ల కోసం వచ్చిన డిజిటల్ టైమ్ బేస్ కరెక్టర్, అంటే టీబీసీ, దీనికి మందు. పెళ్లి భోజనాలకి ముందొచ్చినవాళ్లనీ వెనకొచ్చినవాళ్లనీ అరుగు మీద ఆపి, ఒక్క బంతిగా కూర్చోబెట్టే పెద్దమనిషిలా అది గీతల్ని కాసేపు దాచుకుని వేళ తప్పకుండా వదులుతుంది.

కాబట్టి డబ్బు ముందు డెక్ మీద పెట్టాలి. హెడ్ చదవనిది ఏ కంప్యూటరూ పుట్టించలేదు. 1987లో మొదలైన ఎస్-వీహెచ్ఎస్ రకం డెక్‌లలో ఖరీదైన కొన్నిటికి టీబీసీ లోపలే ఉంటుంది. పసుపు పిన్ను తీగలో వెలుగూ రంగూ కలిసిపోతాయి. వీటి ఎస్-వీడియో తీగలో విడివిడిగా వస్తాయి. జపాన్ సంస్థ ఫునాయ్ 2016లో తయారీ ఆపేశాక కొత్త వీసీఆర్ మాట లేదు, పాతదే వెతుక్కోవాలి. మా డెల్టా చెమ్మకి టేపు అంచున తెల్లటి బూజు కనిపిస్తే, శుభ్రం చేయించకుండా డెక్‌లో పెట్టకూడదు. ఆ బూజు హెడ్‌కి అంటి తర్వాతి క్యాసెట్టుకీ పాకుతుంది.

టీబీసీ ఉన్న పాత డెక్ ఒకటి దొరికింది. రబ్బరు రోలరు మార్పించి, ఎస్-వీడియో తీగ తగిలించి, మళ్లీ జీలకర్ర బెల్లం దగ్గరికి వచ్చాను. బాసికం నుదుటి మీద కదలకుండా నిలిచింది. పక్కనే కూర్చున్న అక్క అంది: “ఇన్నేళ్లకి మీ బావ తిన్నగా కనిపించాడురా!”