ఫిర్యాదు చేయని జబ్బు

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మీకు బంధువులెవరైనా ఉన్నారా? బెంగాల్-నాగపూర్ రైల్వే రోజుల నుంచీ అక్కడ తెలుగు కుటుంబాలున్నాయి. 2003 నుంచి ఆ ఊరు ఆగ్నేయ మధ్య రైల్వే జోన్‌కు ప్రధాన కేంద్రం. ఇంజను నడిపే ఉద్యోగిని రైల్వే డాక్టరు కొన్నేళ్ళకొకసారి పిలిపించి కళ్ళు పరీక్షిస్తాడు. "నా చూపు బాగానే ఉందండీ" అన్నా వదలరు. వయసు పెరిగేకొద్దీ ఆ పిలుపు ఇంకా తరచుగా వస్తుంది. ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియనివాడికి ఆ లోపం ఉందని తనకే తెలియకపోవచ్చు గదా!

బాధ లేదన్నవారిని కూడా ఇలా పిలిచి పరీక్షించడాన్నే స్క్రీనింగ్ అంటారు. డ్రైవర్ల కళ్ళ విషయంలో చక్కగా కుదిరిన ఈ పద్ధతి, యువతులకు ఎక్కువగా సోకే క్లమిడియా అనే జబ్బు విషయంలో డాక్టర్లను చాలా తిప్పలు పెట్టింది. ఆ కథ చెప్పుకుందాం.

చిత్రమేమిటంటే ఈ కథ కూడా కంటితోనే మొదలవుతుంది. 1907లో జావా దీవిలో హాల్బర్‌స్టేటర్, ప్రోవాజెక్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ట్రాకోమా రోగుల కనురెప్పల లోపలి నుంచి గీకి తీసిన పదార్థాన్ని ఒరాంగుటాన్ల కళ్ళలో వేశారు. జబ్బు పట్టిన కణాల్లో సూక్ష్మమైన రేణువుల గుంపులు కనిపించాయి. అవి కణంలో ఉత్తరీయం కప్పినట్టు ఉండటంతో, ఉత్తరీయానికి గ్రీకు మాట అయిన 'క్లమిస్' నుంచి పేరు పెట్టారు. ఈ సూక్ష్మజీవి బతికిన కణంలో తప్ప పెరగదు. అందుకే చాలాకాలం దీన్ని వైరస్ అనుకున్నారు. నిజానికి ఇది బాక్టీరియా. 1950లలో చైనా శాస్త్రజ్ఞుడు టాంగ్ ఫెయ్‌ఫాన్ దీన్ని కోడిగుడ్డు పిండంలో పెంచగలిగాడు. ఆ తర్వాత తన కంట్లోనే వేసుకుని, జబ్బు తెచ్చుకుని మరీ రుజువు చేశాడు! 1959లో లండన్ వైద్యులు కళ్ళకలకతో ఉన్న ఒక పసిబిడ్డను పరీక్షించి, ఆ మీదట తల్లిని కూడా పరీక్షిస్తే ఈ క్రిమి ఆమె గర్భాశయ ముఖద్వారంలో దొరికింది.

అంటే ఒకే జాతి క్రిమిలోని కొన్ని రకాలు కంటికి, కొన్ని జననాంగాలకు పడతాయన్నమాట. కంటి జబ్బు ట్రాకోమాను భారతదేశం ప్రజారోగ్య సమస్యగా లేకుండా చేసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 అక్టోబరులో ప్రకటించింది. ఎర్రబడ్డ కన్ను ఎదుటివాడికి కనిపిస్తుంది. రెండో జబ్బుకు ఆ సదుపాయం లేదు. లైంగిక సంపర్కం ద్వారా సోకే ఈ క్లమిడియా ఉన్న స్త్రీలలో పదిమందికి సుమారు ఏడుగురికి ఏ లక్షణమూ ఉండదు. కొందరిలో అది మెల్లగా పైకి పాకి బీజవాహికలను వాపు చేసి, మచ్చకట్టించి మూసేస్తుంది. పెళ్ళయిన కొన్నేళ్ళకు పిల్లలు లేరని ఆసుపత్రికి వెళితే అప్పుడు బయటపడుతుంది. లేదా గర్భం బీజవాహికలోనే నిలిచి ప్రాణం మీదికి వస్తుంది. ముందే తెలిస్తే మామూలు యాంటీబయాటిక్‌తో నయమయ్యే జబ్బు ఇది. 2020లో ప్రపంచంలో సుమారు 12.9 కోట్ల కొత్త కేసులు వచ్చాయని అంచనా.

మరి బాధ ఉన్నవారైనా డాక్టరు దగ్గరకు వెళుతున్నారా? బిలాస్‌పూర్ నుంచి నాగపూర్ వైపు రైలెక్కి, గోందియాలో దిగి, దక్షిణంగా బల్లార్షా లైను పట్టుకుంటే గడ్చిరోలి జిల్లా వస్తుంది. మన తెలంగాణకు అది ప్రాణహిత ఆవలి ఒడ్డు. అక్కడ డాక్టర్ రాణీ బంగ్, ఆమె సహచరులు రెండు గ్రామాల్లో 650 మంది స్త్రీలను పరీక్షించి 1989లో 'లాన్సెట్' పత్రికలో ఫలితాలు ప్రచురించారు. నూటికి 92 మందికి ఏదో ఒక స్త్రీ సంబంధమైన వ్యాధి ఉంది. బాధ ఉందని చెప్పినవారు 55 మందే. అంతకుముందు ఎప్పుడైనా అలాంటి పరీక్ష చేయించుకున్నవారు నూటికి 8 మంది! ఇది క్లమిడియా ఒక్కదాని మీద చేసిన అధ్యయనం కాదు. అయినా, స్త్రీ తనంతట తాను వచ్చి చెబుతుందని ఎదురుచూసే వైద్యానికి ఎంత జబ్బు అందకుండా పోతుందో మీరే లెక్క వేసుకోండి.

1996లో అమెరికాలోని సియాటిల్ పరిశోధకులు, ప్రమాదం ఎక్కువగా ఉన్న యువతులను పిలిచి పరీక్షిస్తే బీజవాహికల వాపు కేసులు సగానికి పైగా తగ్గాయని చూపించారు. అప్పటికే మూత్రంలో క్రిమి జన్యుపదార్థాన్ని గుర్తించే పరీక్ష కూడా వచ్చింది. అయినా క్లినిక్కులలో పరీక్షలు జరగలేదు. డాక్టరుకు అడగడానికి మొహమాటం. పక్కన తల్లి కూర్చుని ఉంటే అమ్మాయి నోరు విప్పదు.

కాలిఫోర్నియాలో పది పిల్లల క్లినిక్కుల మీద చేసిన ప్రయోగం 2002లో వెలువడింది. నాకు ఈ చరిత్రలో అన్నిటికంటే నచ్చిన ఘట్టం ఇదే. అయిదు క్లినిక్కులలో పని వరస మార్చారు. ఆరోగ్య పరీక్షకు వచ్చిన 14-18 ఏళ్ళ అమ్మాయిలందరి దగ్గరా నర్సు రాగానే మూత్రం సీసా తీసుకునేది. డాక్టరు అమ్మాయితో కాసేపు ఒంటరిగా మాట్లాడేవారు. అవసరమనిపిస్తేనే సీసా ల్యాబుకు వెళ్ళేది. సీసా అందరి చేతిలోనూ ఉంది కనుక ఎవరినీ వేలెత్తి చూపినట్టు కాలేదు. పరీక్ష అవసరమైన అమ్మాయిలలో పరీక్ష జరిగినవారు నూటికి 5 నుంచి 65కు పెరిగారు. పాత పద్ధతే నడిచిన మిగతా అయిదింట్లో ఆ సంఖ్య 21 దాటలేదు. కొత్త మందు లేదు, కొత్త యంత్రం లేదు.

అయితే పరీక్షలు పెరగగానే జబ్బు తగ్గుతుందనుకోకండి. ఆస్ట్రేలియాలో 130 క్లినిక్కులలో జరిపి 2018లో ప్రచురించిన ప్రయోగంలో పరీక్షలు నూటికి 8 నుంచి 20కి పెరిగినా, ఆ ఊళ్ళలో జబ్బు వ్యాప్తి మిగతా ఊళ్ళకంటే ఎక్కువగా ఏమీ తగ్గలేదు. ఆసుపత్రుల్లో బయటపడే బీజవాహికల వాపు మాత్రం తక్కువగా కనిపించింది. 2003లో యువతీ యువకులందరి కోసం కార్యక్రమం మొదలుపెట్టిన ఇంగ్లండు కూడా 2021లో దారి మార్చి, స్త్రీలకు జరిగే హానిని తగ్గించడమే లక్ష్యమంది.

మన దేశంలో క్లమిడియాకు అలాంటి జాతీయ కార్యక్రమం లేదు. ప్రభుత్వ సురక్షా క్లినిక్కులలో లక్షణాలను బట్టి రంగురంగుల మందుల ప్యాకెట్లు ఉచితంగా ఇస్తారు. క్లమిడియాకు పనిచేసే మందు బూడిదరంగు ప్యాకెట్టులో ఉంటుంది. లక్షణం చెప్పినవారికే అది అందుతుంది. గర్భిణులకు మాత్రం, ఏ బాధా చెప్పకపోయినా, హెచ్ఐవీ, సిఫిలిస్ పరీక్షలు చేస్తున్నారు. జన్యుపదార్థాన్ని గుర్తించే యంత్రాలు క్షయ కోసం జిల్లా ఆసుపత్రులకు వచ్చేశాయి. వాటిలో పెట్టే క్లమిడియా కార్ట్రిడ్జ్ కూడా తయారవుతోంది. అడ్డం వస్తున్నది దాని ఖరీదు. బిలాస్‌పూర్‌లో గానీ, బొబ్బిలిలో గానీ నెలవారీ పరీక్షకు వచ్చిన గర్భిణి చేతికి ఈనాటికీ ఒక సీసా ఇస్తారు. అందులో అల్బుమిన్, చక్కెర చూసి మిగతాది పారబోస్తారు.